సప్లీ కూడా పోయింది: మార్చి దాకా ఆగాలా, దారి మార్చాలా?

మూసారాంబాగ్‌లో మా నెట్ సెంటర్ ఏప్రిల్‌లో ఇంటర్ రిజల్ట్స్ వచ్చే రోజు సంతలా ఉంటుంది. గుంపులుగా వస్తారు, అరుస్తారు, ఎవరో ఒకరు స్వీట్లు పంచుతారు. జూన్‌లో సప్లిమెంటరీ రిజల్ట్స్‌కి మాత్రం ఒక్కొక్కళ్లే వస్తారు. హాల్‌టికెట్ నంబరు నోటితో చెప్పరు, ఫోన్‌లో చూపిస్తారు.

మొన్న జూన్‌లో ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. అయిదు నిమిషాల పనే కదా అనుకున్నాడేమో, ఆటో ఇంజిన్ కూడా ఆపకుండా లోపలికి వచ్చాడు తండ్రి. కుర్రాడు ఎంపీసీ సెకండియర్. మెమో ప్రింట్ తీసి ఇచ్చాను. మ్యాథ్స్ 2బీలో 19, ఫిజిక్స్‌లో 14, రెండింటి పక్కనా ఎఫ్. వెనకవైపు ఇంకేమైనా ఉందేమోనని తండ్రి ఆ కాగితం తిప్పి చూశాడు. తర్వాత బయటికెళ్లి ఇంజిన్ ఆపేసి వచ్చాడు.

"ఇప్పుడేం చేయాలె సార్? వీణ్ణి గూడ ఆటో మీద కూసోబెట్టాల్నా?"

ఆ రోజు ఆయనకు గంటసేపు చెప్పిన మాటలే ఇవి, కాస్త సర్ది రాస్తున్నాను. నేను కౌన్సెలర్‌ని కాను. ఏళ్ల తరబడి ఈ పిల్లల అప్లికేషన్లు నింపుతున్నవాణ్ణి. ఎవరు ఏ దారిలో వెళ్లి మళ్లీ ఏ కాగితం కోసం నా దగ్గరికి వచ్చారో గుర్తుంది, అంతే.

ముందు ఆ రాత్రి గడవాలి

తల్లిదండ్రులకు ఒక్క మాట. రిజల్ట్ వచ్చిన రోజు ఏ నిర్ణయమూ తీసుకోకండి, బంధువుల ఫోన్లు ఎత్తకండి, పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకండి. ఇంటర్ ఫలితాల తర్వాత మన రాష్ట్రంలో ఏం జరుగుతుందో 2019లో అందరం చూశాం. పిల్లలు మరీ ముడుచుకుపోతుంటే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

మర్నాడు రీకౌంటింగ్ సంగతి చూడండి. రిజల్ట్ వచ్చాక గడువు దాదాపు వారం రోజులే. నేను కట్టించిన లెక్క ప్రకారం రీకౌంటింగ్‌కి పేపరుకు 100 రూపాయలు, జవాబు పత్రం స్కాన్ కాపీతో రీవెరిఫికేషన్‌కి 600. మ్యాథ్స్‌లో పాస్ మార్కు 75కి 26. మీకు 24 వచ్చి, బాగా రాశానన్న నమ్మకముంటే 600 కట్టండి. 9 వచ్చినవాళ్లు ఆ డబ్బు టెస్ట్ పేపర్లకు ఖర్చు పెట్టుకోవడం మేలు.

మూడు లెక్కలు

దారి ఎంచుకునే ముందు కాగితం మీద మూడు సంగతులు రాయమంటాను. ఎన్ని పేపర్లు పోయాయి, ఫస్టియర్‌వి కూడా కలిపి? ఒక్కో పేపర్లో పాస్ మార్కుకు ఎంత దూరంలో ఆగారు? పాసయ్యాక ఏం చదవాలని ఉంది?

మూడో దానికే ఎక్కువమంది తడబడతారు. "బీటెక్ అన్నా" అంటారు. సరే, కానీ ఒక సంగతి మరచిపోతారు. తెలంగాణ ఎప్‌సెట్‌లో ఇంటర్ మార్కుల వెయిటేజీ 2023 నుంచి తీసేశారు, నిజమే. అర్హత మార్కులు మాత్రం తీసేయలేదు. గ్రూపు సబ్జెక్టుల్లో ఓసీలకు 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం ఉండాలి. అన్నిట్లో అంచు మార్కులతో గట్టెక్కితే ఇంటర్ పాసైనట్టే గానీ ఇంజనీరింగ్ సీటుకు పనికిరాదు. దోస్త్ ద్వారా డిగ్రీలో చేరడానికైతే పాస్ చాలు. అందుకే "ఎలాగోలా పాసైతే చాలు" అనేవాళ్లూ, "బీటెక్ కావాలి" అనేవాళ్లూ ఒకే ట్యూషన్‌లో ఒకేలా చదివితే కుదరదు.

మార్చిలో మళ్లీ రాయడం

ఒకటి రెండు పేపర్లే పోయినవాళ్లు ఇంటర్ వదిలేయొద్దు. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. పాసైన పేపర్లు మళ్లీ రాయక్కర్లేదు, పోయినవాటికే ఫీజు కట్టి పబ్లిక్ పరీక్షలు రాస్తే సరిపోతుంది. ఆ ఫీజు నోటిఫికేషన్ దసరా దాటాక వస్తుంది. మీరు చదివిన కాలేజీ ద్వారానే కట్టాలి కాబట్టి అక్కడి క్లర్కుతో మాట కలిపి ఉంచుకోండి.

2బీ అంటే బెదిరిపోయే పిల్లలకు నేను పాత ప్రశ్నపత్రం ముందు పెడతాను. ఇన్నాళ్లూ నడిచిన పద్ధతిలో రెండు మార్కుల ప్రశ్నలు పది, నాలుగు మార్కులవి ఏడింటిలో అయిదు, ఏడు మార్కులవి ఏడింటిలో అయిదు. ఏడు మార్కులవి మూడు సరిగ్గా చేస్తే 21. రెండు మార్కులవి మూడు చేస్తే ఇంకో 6. మొత్తం 27, పాస్. అంటే సర్కిల్స్, ఇంటిగ్రేషన్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ నుంచి ఏవో కొన్ని రకాల లెక్కలు చెయ్యి తిరిగేదాకా చేస్తే గట్టెక్కవచ్చు. ఫిజిక్స్‌కి 60లో 21 కావాలి, అక్కడా ఇలాంటి లెక్కే. మ్యాథ్స్‌లో 19 వచ్చిన ఆ ఆటో డ్రైవర్ కొడుకు ఆ పేపర్లో నిజానికి ఒక్క ఏడు మార్కుల ప్రశ్న దూరంలో ఆగిపోయాడు. ఆ మాట ఇంట్లో అతనికి ఎవరూ చెప్పలేదు.

ఈ దారిలో అసలు చిక్కు జూలై నుంచి ఫిబ్రవరి దాకా. చేతిలో ఎనిమిది నెలలు, రాయాల్సింది రెండు పేపర్లు. పొద్దున లేస్తే వెళ్లడానికి కాలేజీ ఉండదు. ఆగస్టు వరకు చదువుతారు, సెప్టెంబర్‌లో ఫోన్ పట్టుకుంటారు, జనవరిలో మళ్లీ టెన్షన్. సగం రోజు పనో, చిన్న కోర్సో పెట్టుకుని, పొద్దున రెండు గంటలు చదువుకున్నవాళ్లే ఎక్కువగా బయటపడ్డారు. పూర్తిగా ఖాళీగా ఇంట్లో కూర్చున్నవాళ్లు మళ్లీ నా దగ్గరికే వచ్చారు. సాయంత్రం టైపింగో, ట్యాలీయో, కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ షాపులో పనో, ఏదైనా సరే. మీ సేవకు వెళ్లి కాగితాలు తేవడం కూడా నా దృష్టిలో పనే, ఇల్లు కదిలి బయటికి వెళ్తే చాలు.

ఓపెన్ స్కూల్: అనుకున్నంత దగ్గరి దారి కాదు

తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ, అంటే టాస్, ఒకటి. కేంద్రం నడిపే ఎన్‌ఐఓఎస్ మరొకటి. రెండింటి ఇంటర్ సర్టిఫికెట్లూ చెల్లుతాయి, డిగ్రీకి వెళ్లవచ్చు. ఎన్‌ఐఓఎస్‌లో పాస్ మార్కు 33 శాతమే. మీరు పాసైన సబ్జెక్టుల్లో రెండింటి మార్కులు అక్కడికి బదిలీ చేసుకోవచ్చు. ఒకసారి రిజిస్టరైతే అయిదేళ్ల వరకు చెల్లుతుంది. పదో తరగతి పాసై రెండేళ్లు నిండాలన్న నిబంధన ఉంది గానీ ఇంటర్ రెండేళ్లు చదివినవాళ్లకు అది అడ్డు రాదు.

అక్టోబర్, నవంబర్‌లో పరీక్ష ఉంటుందని, బోర్డు కన్నా ముందే పాసైపోవచ్చని చాలామంది ఇటు పరుగెడతారు. కాస్త ఆలోచించండి. అక్టోబర్‌లో రాసి డిసెంబర్‌లో పాసైనా దోస్త్, ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మళ్లీ వచ్చే వేసవిలోనే. మార్చిలో బోర్డు పరీక్ష రాసి ఏప్రిల్‌లో పాసైనవాడూ అదే జూన్‌లో, అదే క్లాసులో మీ పక్క సీట్లో కూర్చుంటాడు. ఒకటి రెండు పేపర్ల కోసం మిగతా సబ్జెక్టులన్నీ కొత్త పుస్తకాలతో మొదలుపెట్టడం దండగ.

ఓపెన్ స్కూల్ ఎవరికి పనికొస్తుందంటే, అయిదారు పేపర్లు పోయి ఇక మ్యాథ్స్, ఫిజిక్స్ ముఖం చూడలేమనుకునేవాళ్లకు. సబ్జెక్టులు మార్చుకుని ఎకనామిక్స్, కామర్స్ వైపు వెళ్లవచ్చు. పనిచేసుకుంటూ చదవాల్సినవాళ్లకూ బాగుంటుంది. సైన్స్ వదిలి ఆర్ట్స్‌కి మారాలనుకుంటే ఇంటర్ బోర్డులోనే ఇంకో వీలుంది. హాజరు మినహాయింపు ఫీజు కట్టి, కాలేజీకి వెళ్లకుండా ప్రైవేటుగా హెచ్‌ఈసీ, సీఈసీ లాంటి గ్రూపులు రాయవచ్చు. దీని సంగతి చాలా కాలేజీల వాళ్లు చెప్పరు, అడిగినవాళ్లకే తెలుస్తుంది.

ఇక్కడే మా ఇంటి గోల ఒకటి చెప్పాలి. మా చిన్న తమ్ముడు సప్లీ తప్పినప్పుడు నాకింకా ఈ షాపు లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఏజెంటు "వన్ సిట్టింగ్‌లో ఇంటర్, పరీక్షకు రాకపోయినా పర్లేదు" అన్నాడు. మా నాన్న చిట్టీ పాడి 18 వేలు కట్టాడు. రంగురంగుల మెమో వచ్చింది, హోలోగ్రామ్ కూడా ఉంది. డిగ్రీలో చేరాడు. రెండో ఏడాది వెరిఫికేషన్‌లో అలాంటి బోర్డే లేదని తేలింది. డబ్బూ పోయింది, రెండేళ్ల డిగ్రీ చదువూ పోయింది. ఇప్పటికీ ఆ మెమో మా అమ్మ బీరువాలో ఉంది, ఎందుకు దాచిందో అడగలేదు. మన దగ్గర ఇంటర్‌కు సమానమని చెప్పుకోదగ్గ ఓపెన్ స్కూళ్లు పైన చెప్పిన రెండే అనుకోండి. పేరు ఎంత గొప్పగా ఉన్నా, ఊరు ఢిల్లీ అని రాసి ఉన్నా, పరీక్ష రాయకుండా పాస్ అన్నవాడి దగ్గర కూర్చోకండి.

పదో తరగతి మెమో ఇంకా బతికే ఉంది

ఇంటర్ తప్పగానే పిల్లలు చదువు సున్నాకు వచ్చిందనుకుంటారు. చేతిలో పది పాసైన మెమో ఉంది. దానితో తెరుచుకునే తలుపుల్లో నాకు అన్నిటికన్నా గట్టిదిగా కనిపించేది ఐటీఐ.

దీని మీద మన ఇళ్లలో చిన్నచూపు ఎక్కువ. "మా వాడు ఐటీఐనా?" అని ముఖం చిట్లించిన మేడం ఇంట్లో ఏసీ బాగుచేసేది ఐటీఐ కుర్రాడే. ఏప్రిల్‌లో అతని డేట్ దొరక్క ఆమె నాకు ఫోన్ చేసింది.

ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కుల మీదే సీటు. ఆన్‌లైన్‌లో అప్లై చేయాలి. మొదటి విడత ప్రవేశాలు, సప్లీ రిజల్ట్స్ వచ్చేసరికి దాదాపు ముగింపులో ఉంటాయి. కంగారు వద్దు, తర్వాత విడతలు జూలై, ఆగస్టుల్లో కూడా ఉంటాయి. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, రిఫ్రిజిరేషన్ అండ్ ఏసీ మెకానిక్ రెండేళ్లు. వెల్డర్, కంప్యూటర్ ఆపరేటర్ కోర్సు కోపా ఏడాది. సిటీలో మల్లేపల్లి ప్రభుత్వ ఐటీఐ పేరున్నది. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని అక్కడే శంకుస్థాపనతో 2024లో మొదలైంది. వాటిలో రోబోటిక్స్, సీఎన్‌సీ మెషినింగ్, ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ లాంటి కోర్సులు పెట్టారు. అమ్మాయిలకైతే విద్యానగర్‌లో కేంద్రం నడిపే మహిళల స్కిల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది.

ప్రైవేట్ ఐటీఐలో చేరేముందు ఒక్క పని చేయండి. క్లాసులు నడిచే సమయంలో వెళ్లి వర్క్‌షాప్ చూపించమనండి. మెషీన్ల మీద దుమ్ము ఉంటే బయటికి వచ్చేయండి. నా అనుభవంలో దీన్ని మించిన పరీక్ష లేదు.

ఐటీఐ అయ్యాక ఏముంది? హైదరాబాద్‌లో ఉండటం ఇక్కడే కలిసొస్తుంది. రామచంద్రాపురంలో భెల్, కంచన్‌బాగ్‌లో బీడీఎల్, మిధాని, బాలానగర్‌లో హెచ్‌ఏఎల్, ఇటు ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ, సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే, ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థలన్నీ ఐటీఐ వాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. స్టైపెండ్ ఇస్తారు. అప్రెంటిస్ అంటే పర్మనెంట్ ఉద్యోగం కాదు, అది మనసులో పెట్టుకోవాలి. కానీ ఆ సర్టిఫికెట్ చేతిలో ఉన్నవాడి బరువు వేరు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కు, కరెంటు డిస్కంలలో జూనియర్ లైన్‌మన్‌కు పది ప్లస్ ఆ పనికి తగ్గ ఐటీఐ ఉంటే చాలు.

చదువు ఆగిపోతుందన్న భయమూ వద్దు. ఐటీఐలో మంచి మార్కులుంటే ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. అక్కడి నుంచి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి. రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు ఆ క్రెడిట్లు కలుపుకుని ఎన్‌ఐఓఎస్‌లో పన్నెండో తరగతి పూర్తిచేసుకునే వీలు కూడా ఉంది.

ఏళ్ల లెక్క కూడా వేసి చూపిస్తాను. మార్చిలో ఇంటర్ పాసై బీటెక్ చేస్తే ఈరోజు నుంచి అయిదేళ్లు. ఐటీఐ రెండు, డిప్లొమా రెండు, బీటెక్ మూడు అయితే ఏడేళ్లు. కాబట్టి బీటెక్కే గమ్యమైతే, రెండు పేపర్లే మిగిలితే, ఐటీఐ చుట్టుదారి. మూడో ఏడాదికల్లా ఇంట్లోకి డబ్బు రావాలంటే అదే దగ్గరి దారి.

పాలిటెక్నిక్, మరికొన్ని

పాలిటెక్నిక్‌కి పాలిసెట్ రాయాలి. అది మేలోనే అయిపోతుంది, సప్లీ రిజల్ట్ జూన్‌లో వస్తుంది. ముందే రాసి ఉంటే తప్ప వచ్చే ఏడాది దాకా ఆగాలి. మూడేళ్ల డిప్లొమా, తర్వాత ఈసెట్‌తో బీటెక్. మాసబ్‌ట్యాంక్, రామంతాపూర్ ప్రభుత్వ కాలేజీల్లో సీటొస్తే మంచిదే. ఆగడమే కష్టం. మార్చిలో ఇంటర్ రాసేవాళ్లు మేలో పాలిసెట్ కూడా రాసి ఉంచుకుంటే రెండో తాడు చేతిలో ఉన్నట్టు.

బాలానగర్‌లో టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ సీఐటీడీలో పది అర్హతతో నాలుగేళ్ల టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమా ఉంది. చర్లపల్లి సిపెట్‌లో ప్లాస్టిక్స్, మౌల్డ్ టెక్నాలజీ డిప్లొమాలు మూడేళ్లు. వీటికి వేరే ప్రవేశ పరీక్షలు. సిటీ పిల్లలకు వీటి పేర్లే తెలియవు, జిల్లాల నుంచి వచ్చి సీట్లు నింపుకుంటున్నారు. వంట మీద మనసున్నవాళ్లకు విద్యానగర్ హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌లో పది పాసైనవాళ్లకు ఏడాదిన్నర ఫుడ్ ప్రొడక్షన్ కోర్సు ఉంది. హైటెక్స్ దగ్గర నిర్మాణ పనులు నేర్పే సంస్థ నాక్‌లో కరెంటు పని, ప్లంబింగ్ లాంటివి కొద్ది నెలల్లో నేర్పుతారు.

ఇప్పుడే ఉద్యోగం అంటే?

ఇంట్లో గడవకపోతే చేయాల్సిందే, అందులో తప్పేం లేదు. డెలివరీ బండి, షోరూమ్, టెలికాలింగ్, దొరుకుతాయి. మొదటి నెల చేతికొచ్చే డబ్బు చూస్తే చదువు మీద మనసు పోతుంది, అదే ప్రమాదం. జగదీశ్ మార్కెట్‌లో మొబైల్ రిపేరు నేర్చుకునేవాడు తక్కువ జీతంతో మొదలైనా పని నేర్చుకుంటున్నాడు. బండి తోలేవాడికి రెండేళ్ల తర్వాత కూడా బండే ఉంటుంది.

ప్రభుత్వ ఉద్యోగాల్లో పదో తరగతి అర్హతతో గ్రామీణ డాక్ సేవక్, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ల ఎంటీఎస్ (ఆఫీసు సహాయకుల పోస్టులు), కేంద్ర బలగాల జీడీ కానిస్టేబుల్, అగ్నివీర్ ఉన్నాయి. డాక్ సేవక్‌కు పరీక్ష లేదు, పది మార్కులతో మెరిట్. రాష్ట్ర పోలీసు కానిస్టేబుల్‌కు ఇంటర్ పాసవ్వాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు మాత్రం పది పాసై, ఇంటర్ రెండేళ్లూ పరీక్షలకు హాజరై ఉంటే చాలని ఇంతకుముందు నోటిఫికేషన్లలో ఉంది. ఫెయిలయ్యామని ఆ మెమోలు చించేసుకున్న పిల్లల్ని చూశాను. చించకండి, హాజరైనట్టు రుజువు అవే.

అమ్మాయిల విషయంలో ఇంకొకటి. అబ్బాయి తప్పితే "తర్వాతేంటి" అని అడుగుతారు, అమ్మాయి తప్పితే సంబంధాలు చూడటం మొదలుపెడతారు. కాలేజీలో గుట్టుగా ఫీజు కట్టి, మా షాపుకి వచ్చి రసీదు నా దగ్గరే దాచమని గుసగుసగా చెప్పి వెళ్లిన అమ్మాయిలున్నారు. ఇంట్లో నచ్చజెప్పలేని పరిస్థితుంటే ఏడాది కోర్సు ఏదైనా చేరి, దాంతోపాటు మార్చి పరీక్ష రాయడం నేను చూసినంతలో పనిచేసిన ఉపాయం. రోజూ బయటికి వెళ్లే పని ఒకటి ఉంటే పెళ్లి మాట కాస్త వెనక్కి జరుగుతుంది.

ఏది ఎంచుకున్నా ఒరిజినల్స్ కావాలి

ఐటీఐకైనా, ఓపెన్ స్కూల్‌కైనా పదో తరగతి ఒరిజినల్ మెమో, టీసీ, కులం సర్టిఫికెట్, ఆధార్ అడుగుతారు. ప్రైవేట్ జూనియర్ కాలేజీలో చదివినవాళ్లవి చాలావరకు అక్కడే ఇరుక్కుని ఉంటాయి. ఫీజు బాకీ కడితేనే ఇస్తామంటారు. వాదించకుండా రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. అప్పటికీ ఇవ్వకపోతే నాంపల్లిలో ఇంటర్ బోర్డు ఆఫీసుకు ఫిర్యాదు రాయండి. ముద్ర ఉన్న కాపీ చూపించగానే మెత్తబడ్డ ప్రిన్సిపాళ్లు నాకు తెలుసు. పేర్లు ఒకటికి ఒకటి సరిపోతున్నాయో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. పది మెమోలో ఒక స్పెల్లింగ్, ఆధార్‌లో ఇంకొకటి ఉంటే సీటొచ్చిన రోజు ఏడవాల్సి వస్తుంది.

ఆటో డ్రైవర్ కొడుకు ఏం చేశాడంటే, మార్చికే ఉన్నాడు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా చదువు, మధ్యాహ్నం నుంచి మలక్‌పేటలో ఒక సీసీటీవీ షాపులో వైర్లు లాగే పని. నవంబర్‌లో కాలేజీలో ఫీజు కట్టి నా దగ్గరికి వచ్చాడు. రెండు పేపర్ల రసీదు చూపించి, "అన్నా, వచ్చే మేలో పాలిసెట్ అప్లికేషన్ ఎప్పుడొస్తదో చెప్పు, అది గూడ నింపుదాం" అన్నాడు. ఈసారి ఆటో బయటే ఉంది, ఇంజిన్ ఆపి.